పక్షవాతం వచ్చిన నాలుగో రోజు జ్వరం, ఆహారం కోసం ముక్కులో గొట్టం – ఈ దశ దాటినవాళ్ళు చెప్పండి

డిండి_గట్టు
మా నాన్నకు 64 ఏళ్ళు. ఆదివారం తెల్లవారుజామున కుడి చేయి, కాలు పడిపోయాయి, మాట ముద్దగా మారింది. దేవరకొండ దగ్గరి మా ఊరి నుంచి నల్లగొండ చేరేసరికి ఆరు గంటలు దాటింది. మెదడులో రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువట, ఆ అవకాశం పోయింది. ఇవాళ నాలుగో రోజు. నిన్నటి నుంచి 102 జ్వరం, ఛాతీలో నెమ్ము చేరిందంటున్నారు. మెదడు జబ్బుతో వచ్చిన మనిషికి ఊపిరితిత్తులు ఎలా చెడ్డాయి? బీపీ 180 ఉన్నా మాత్ర ఇవ్వడం లేదు, ఎందుకు? మూత్రం గొట్టం ఎన్నాళ్ళు ఉంచాలి? పడిపోయిన వైపు భుజం ముట్టుకుంటే మూలుగుతున్నాడు. హైదరాబాద్ తీసుకుపోదామా? దయచేసి త్వరగా చెప్పండి.

బత్తాయి_తోట
తమ్ముడూ, నోట్లో ఏమైనా పోశారా? నిజం చెప్పు. మా అమ్మకు నేనే పోశాను. రెండో రోజు నాలుక పిడచకట్టుకుపోయి నీళ్ళ కోసం సైగ చేస్తుంటే చూడలేక, మా తోట బత్తాయిలు పిండి అర గ్లాసు తాగించాను. రెండు గుక్కలు బాగానే మింగింది, మూడో గుక్కకు పొలమారింది. దగ్గు తగ్గిందిలే అనుకున్నాను. మర్నాడు సాయంత్రానికి ఆయాసం, తర్వాత పదకొండు రోజులు ఐసీయూ. మంచం పక్కన నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదని రాసి పెట్టే ఉంది, నేను చూడలేదు. ఆ స్టీలు గ్లాసు ఇప్పటికీ వంటింట్లోనే ఉంది, దాంట్లో ఎవరూ తాగరు.

మర్రినీడ
నీళ్ళ పరుపు కొనండి. అద్దెకు కూడా దొరుకుతుంది. మా మామయ్యకు మంచంలోనే పడుకొని పడుకొని పుండ్లు పడ్డాక కొన్నాం, ముందే కొనవలసింది.

నాలుగో_వార్డు
పాలమూరులో స్టాఫ్ నర్సుగా 26 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. పక్షవాతంలో చేయి, కాలు పడిపోవడం అందరికీ కనిపిస్తుంది, గొంతు కండరాలు పడిపోవడం కనిపించదు. మింగినది ఆహారనాళంలోకి కాక శ్వాసనాళంలోకి జారుతుంది. కొందరికి దగ్గు కూడా రాదు, అదే అసలు ప్రమాదం. అందుకే నీళ్ళయినా, మాత్రయినా ఇచ్చే ముందు మనిషిని నిటారుగా కూర్చోబెట్టి చెంచాతో నీళ్ళిచ్చి పరీక్షిస్తాం. మింగాక గొంతు తడిగా గురగురమంటే ఆపేస్తాం. జావకన్నా నీళ్ళు, పళ్ళరసం ఎక్కువ ప్రమాదం. పలచటివి గొంతు మూసుకునేలోపే జారిపోతాయి.
బీపీ సంగతి: గడ్డ వల్ల వచ్చిన పక్షవాతమై, కరిగించే ఇంజెక్షన్ ఇవ్వకపోతే మొదటి ఒకటి రెండు రోజులు 220/120 దాటితే తప్ప సాధారణంగా తగ్గించరు. తగ్గిస్తే కొనప్రాణంతో ఉన్న మెదడు భాగానికి రక్తం అందదు. నాలుగో రోజు కాబట్టి మాత్రలు ఎప్పుడు మొదలుపెడతారో రేపు రౌండ్స్‌లో అడగండి.

పాత_కచేరి
నీళ్ళు ప్రమాదమట! ఇలాంటి మాట పుట్టి బుద్ధెరిగాక వినలేదు. మా అన్నకు మూతి వంకరపోయినప్పుడు వనపర్తిలో ఇంట్లోనే ఉంచి, రోజూ జొన్న గటక, మజ్జిగ నోటితోనే పట్టాం. నెలకు లేచి నడిచాడు. గొట్టాలు వేసేది బిల్లు కోసం.

బత్తాయి_తోట
మీ అన్నకు గొంతు పడిపోలేదు కాబట్టి బతికాడు. అది మీ గటక గొప్పతనం కాదు.

పాత_కచేరి
అమ్మా, నీ తప్పు నువ్వు చేసుకొని నా మీద అరవడం ఎందుకు?

నాలుగో_వార్డు
కచేరి గారూ, ఆ మాట వెనక్కి తీసుకోండి. ఆమె తప్పు చేయలేదు, ఆమెకు చెప్పవలసినవాళ్ళు నోటితో చెప్పలేదు. గోడ మీద కాగితం అంటించడం చెప్పడం కాదు. ఇక బిల్లు మాట. ఆస్ట్రేలియాలో చేసి 2011లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. జ్వరం, రక్తంలో చక్కెర, మింగడం, ఈ మూడింటినీ నర్సులు మొదటి మూడు రోజులు పద్ధతిగా చూసిన స్ట్రోక్ వార్డుల్లో, 90 రోజుల తర్వాత చనిపోయినవాళ్ళు, పరాధీనులైనవాళ్ళు కలిపి చూస్తే తక్కువ. కొత్త మందు ఒక్కటీ వాడలేదు. ఖర్చు ఎక్కడుంది?

ఎల్లమ్మగుట్ట
మా ఆయనకు కాలు పిక్క వాచింది. పడిపోయిన కాలు కదా, నీరు చేరిందన్నారు. ఎనిమిదో రోజు డిశ్చార్జి కాగితాలు రాస్తుండగా ఆయాసం వచ్చి పడిపోయారు. కాలిలో గడ్డ కట్టి ఊపిరితిత్తులకు పోయిందన్నారు. ఒక పిక్క ఇంకో పిక్కకన్నా లావుగా ఉందేమో రోజూ చూడండి.

కండబలం
ఫిజియోథెరపిస్టుని, 22 ఏళ్ళ అనుభవం. భుజం నొప్పి గురించి ఒక్కరూ చెప్పలేదు, ఆశ్చర్యం. పడిపోయిన చేతిని పట్టి లాగి లేపుతున్నారు కదూ? మీరో, వార్డుబాయో లాగే ఉంటారు. పట్టి ఉంచే కండరాలే పనిచేయనప్పుడు చేయి బరువుకే భుజం కీలు జారుతుంది. చంకలో చేయి పెట్టి ఎత్తకూడదు, చేయి వేలాడనీయకూడదు, కింద దిండు ఉండాలి. నేను చూసిన కేసుల్లో సగం భుజాలు చుట్టాలు చెడగొట్టినవే.
మేజోళ్ళు కొనమని ఎవరైనా చెబితే కొనకండి. తొడ వరకు వేసే బిగుతు మేజోళ్ళు పక్షవాతం రోగుల కాళ్ళలో గడ్డలు ఆపవని, పైగా చర్మం చిట్లుతుందని 2009లోనే తేలింది. గాలి నింపుతూ వదులుతూ ఉండే కాలి పట్టీలు పనికొస్తాయి, అది 2013లో తేలింది.

మర్రినీడ
పుండ్ల గురించి చెప్పండి సార్. నీళ్ళ పరుపా, గాలి పరుపా?

కండబలం
ఏ పరుపైనా రెండు గంటలకోసారి పక్క మార్చక తప్పదు. పరుపు కొన్నామని పక్క మార్చడం మానేసేవాళ్ళకే పుండ్లు పడతాయి.

చౌటుప్పల్_రోడ్డు
పక్క మార్చడం అంత తేలిక కాదు సార్. మా తాతది మర్రిగూడ. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి తాగి నడుము, మెడ ముందే కొయ్యబారాయి. వార్డులో పక్కకు తిప్పబోతే మొత్తం మనిషి దూలంలా లేచేవాడు. ముగ్గురం కావలసి వచ్చేది, పాసు ఒక్కరికే ఇచ్చేవాళ్ళు.

పాత_కచేరి
పాసు సంగతి ఎత్తారు కాబట్టి చెబుతాను. మా వాళ్ళను రాత్రిపూట మెట్ల మీద పడుకోబెట్టారు. ఆరోగ్యశ్రీ పది లక్షలకు పెంచితే ఏం లాభం? అటెండెంటుకు కుర్చీ లేదు.

ఆకుపసరు
పావురం నెత్తురు వెచ్చగా రాస్తే నరాలు కదులుతాయి. మా వైపు ఎందరికో కుదిరింది.

కండబలం
దయచేసి ఈ చర్చలోకి పావురాన్ని తేకండి. వచ్చే వారం పుండు మీద నెత్తురు గడ్డతో నా దగ్గరికే వస్తారు.

ఆకుపసరు
మీ ఫీజు పోతుందనే బాధ.

నాలుగో_వార్డు
ఎల్లమ్మగుట్ట అమ్మా, మీ పోస్టు కింద ఒక్కరం జవాబు రాయలేదు. క్షమించండి. మీరు రాసింది ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యం. డిండి_గట్టు గారూ, పిక్కలు చూశారా?

డిండి_గట్టు
చూశాను అక్కా, రెండూ ఒకేలా ఉన్నాయి. అందరికీ కృతజ్ఞతలు. మొన్న మా చిన్నమ్మ కొబ్బరినీళ్ళు పట్టిందట, ఇప్పుడు చెప్పింది. బయట కూర్చొని ఏడుస్తోంది. యాంటీబయాటిక్ మార్చారు, జ్వరం 100కు దిగింది. కానీ ఇప్పుడే నాన్న ఎడమ చేత్తో ముక్కు గొట్టం పీకేశాడు.

నాలుగో_వార్డు
చాలామంది పీకేస్తారు, కంగారు పడకండి. మళ్ళీ వేశాక గొట్టం కడుపులోనే ఉందని నిర్ధారించిన తర్వాతే పాలు పోయమనండి. ఎక్స్‌రే తీస్తారా అని అడగండి. పోసేటప్పుడు, పోశాక అరగంట తల వైపు ఎత్తి ఉంచాలి. గొట్టం ఉంది కదా అని నోరు వదిలేయకండి. ఉమ్మి కూడా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. రోజుకు రెండు మూడుసార్లు పళ్ళు, నాలుక తుడవండి. మూత్రం గొట్టం అవసరం తీరిన రోజే తీసేయమనండి, ఉన్న ప్రతి రోజూ ఇన్‌ఫెక్షన్‌కు దారే.

బత్తాయి_తోట
తమ్ముడూ, మీ చిన్నమ్మను ఏమీ అనకు. ఫోను ఆమెకివ్వు, నేను మాట్లాడతాను. నా నంబరు నీకు విడిగా పంపించాను.

పాత_కచేరి
బత్తాయి_తోట అమ్మా, నేను అన్నది తప్పే. వెనక్కి తీసుకుంటున్నాను. కానీ గొంతు బాగున్నవాడికి గటక మంచిదే కదా?