సమస్యాపూరణం: "మ్రింగకుమియువాఁడె మేటి జాణ"

పినాకిని (నిర్వహణ, అనంతపురం):

మిత్రులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఇది. దీనికి ముందు మూడు పాదాలు మీరు రాసి పద్యం పూర్తి చెయ్యాలి.

మ్రింగకుమియువాఁడె మేటి జాణ

మింగకుండా ఉమిసేవాడే గొప్ప నేర్పరి అని అర్థం. ఆటవెలది నాలుగో పాదం. ఐదూ సూర్యగణాలే, అంటే మూడు మాత్రల చిన్న గణాలు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండాల్సిన పొత్తు, మ్రిం–మే. వేమన సమాధి ఉన్న కటారుపల్లె మనకు ఇంత దగ్గర్లో ఉండగా ఆటవెలది కాక వేరే ఛందస్సు ఇవ్వడానికి మనసు ఒప్పలేదు.

ఈ పాదం ఎక్కడ పుట్టిందో చెబుతాను. పూరణ దాని మీదే ఉండాలని నియమం లేదు. మా అమ్మాయి ఇటలీలో ఉంటుంది. మొన్న వెళ్ళినప్పుడు ఫ్లారెన్సుకూ సియెనాకూ నడుమ కియాంటి కొండల్లో ఒక కుటుంబం నడుపుకునే వైనరీకి తీసుకెళ్ళింది. అక్కడ పొద్దున వంట నేర్పుతారు, మధ్యాహ్నం వైన్ రుచి చూపిస్తారు. వంటలో నేర్పింది పీచి అనే పాస్తా. గోధుమపిండి, నీళ్ళు, కాస్త ఆలివ్ నూనె, అంతే. పిండిని బాగా పిసికి, మూతపెట్టి అరగంట వదిలేస్తే సాగే గుణం వస్తుంది. తర్వాత చిన్న ముక్క తీసుకుని పీట మీద పొడుగ్గా పేనాలి. మా అమ్మ చేత్తో సేమియాలు చేసినట్టే. ఆ ఇంటి పెద్దావిడ రెండు అరచేతులూ మధ్యలో ఆనించి, మెల్లగా అంచులకు జరుపుకుంటూ పోయేది. మూరెడు పొడుగు వచ్చినా దారం ఎక్కడా తెగలేదు, లావు మారలేదు.

భోజనాల ముందు గ్లాసులు పెట్టారు. బల్ల మధ్యలో ఒక పింగాణీ పాత్ర ఉంది. ఎందుకో మొదట అర్థం కాలేదు. ఆమె కొడుకు గ్లాసు తిప్పి, వాసన చూసి, ఒక గుక్క నోట్లో పోసుకుని కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి అదంతా ఆ పాత్రలో ఉమిసి, అప్పుడు నోరు విప్పాడు. ఏ పక్క వాలులో కాసిన పండో, ఆ ఏడు ఎండలు ఎలా కాశాయో వరసగా చెబుతూనే ఉన్నాడు. అతను ఒక్క చుక్క కూడా మింగలేదు. సమస్య అక్కడే దొరికింది.

ఒక్క మాట. పురాణం నుంచి తెచ్చినా సరే, వీధిలోంచి తెచ్చినా సరే, మీరు కళ్ళతో చూసినట్టు చెప్పిన పద్యానికే నేను పెద్దపీట వేస్తాను.

చిత్రావతి (ధర్మవరం):

మునగకాయ పులుసు మూకుడు దింపఁగ
ముద్ద నద్ది మ్రింగి, మురిసి పిదప
పీల్చి పీల్చి రసము, పిప్పిని మాత్రము
మ్రింగకుమియువాఁడె మేటి జాణ

పినాకిని:

చిత్రావతి గారూ, తొలి పూరణకే మన వంటింట్లోకి తీసుకెళ్ళారు. రాగి సంగటిని నమలం, పులుసులో అద్ది గొంతులోకి జార్చుకుంటాం. మునక్కాయను మాత్రం పళ్ళ మధ్య పెట్టి లాగి, గుజ్జంతా పీల్చి, పిప్పి పక్కన పెడతాం. ఒకే విస్తరి ముందు కూర్చుని ఒకటి నమలకుండా మింగడం, ఇంకొకటి మింగకుండా నమలడం! ఈ రెండూ మీ పద్యంలో పక్కపక్కన పడ్డాయి. రెండో పాదంలో "మ్రింగి", నాలుగో పాదంలో "మ్రింగక" ఎదురెదురుగా నిలబడటంతో సమస్యలోని విరోధం ఇంకా బలపడింది. యతులన్నీ చక్కగా కుదిరాయి. "మురిసి" పాదపూరణకు వచ్చిందని ఎవరైనా అనవచ్చు కానీ నేను అనను. మంచి సంగటి పడ్డాక మురవని సీమ మనిషిని నేను చూడలేదు.

కుందూ (కమలాపురం):

"సంగటి" అన్న మాట పద్యంలో లేదు కదండీ. కోస్తా వాళ్ళు చదివితే ముద్ద అంటే అన్నం ముద్ద అనుకుంటారేమో.

చిత్రావతి:

అనుకోనివ్వండి. మా ఇంట్లో ముద్ద అంటే సంగటే.

పాపాఘ్ని (వేంపల్లె):

మద్యం ముట్టని ఇల్లు మాది. అందుకని ద్రాక్షతోట దాకా వచ్చి ఆగాను.

పందిరంత వెదకి పండిన గుత్తిని
పట్టి కోసి నోటఁ బెట్టుకొనును
గింజ వేఱు చేసి కేరి నవ్వుచుఁ దాను
మ్రింగకుమియువాఁడె మేటి జాణ

పినాకిని:

రెండో పాదంలో "పట్టి–బెట్టు" ప్రాసయతి, అంటే మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలవడం. ఆటవెలదిలో అది చెల్లుతుంది, కొత్తవాళ్ళు గమనించాలి. "పట్టి" అంటే పిల్లవాడనీ, చేత్తో పట్టుకుని అనీ రెండర్థాలూ పలుకుతున్నాయి. మూడో పాదం చదువుతుంటే పిల్లవాడి నవ్వు వినబడింది. గణాల మధ్య మాట విరిగినా నడక కుంటుపడలేదు.

మీరు ద్రాక్షతోట దగ్గరే ఆగానన్నారు కానీ, పద్యం వైనరీ లోపలికే వెళ్ళింది. ఎర్ర వైన్ చేసేటప్పుడు పండును తొక్కతో, గింజతో పాటే పులియబెడతారు. రంగు తొక్క లోంచి దిగుతుంది. వగరు తొక్కలోంచీ గింజలోంచీ దిగుతుంది. గింజ నలిగితే చేదు కూడా దిగుతుందని, పండ్లను చిదిపేటప్పుడు గింజ పగలకుండా చూసుకుంటారు. మీ పిల్లవాడు పళ్ళతో చేసే పని అక్కడ యంత్రంతో చేస్తున్నారన్నమాట.

హంద్రి (కర్నూలు):

పద్యం బాగుంది కానీ ఒక సందేహం. ఇప్పుడు మన బజార్లో ఎటు చూసినా థామ్సన్ సీడ్‌లెస్సే. గింజ ఉమియడం ఈ కాలం పిల్లలకు తెలుస్తుందా?

పాపాఘ్ని:

చిక్కబళ్ళాపురం వైపు పండే నల్ల ద్రాక్షలో, అదే బెంగళూరు బ్లూలో, ఇంకా గింజ ఉంది. తొక్క మందం, లోపల గుజ్జు జారుతుంది, గింజ నాలుకకు తగులుతుంది. అది తిన్న పిల్లలకు ఈ పద్యం ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

హంద్రి:

అయితే నా ప్రయత్నం కూడా చూడండి.

విషముఁ బట్టి శివుఁడు గొంతున నిలిపెను
కంఠమందె నిలిపి కాచె జగము
కల్లు మధువు చేతఁ గలిగిన మనుజుఁడు
మ్రింగకుమియువాఁడె మేటి జాణ

పినాకిని:

హంద్రి గారూ, గణాలు సరిగ్గా ఉన్నాయి. మొదటి పాదంలో యతి తప్పింది. "వి"కి "గొ" కుదరదు. ప్రాసయతి అందామన్నా "విష–గొంతు" కలవవు. అంతకంటే ముఖ్యం, గొంతు అన్నా కంఠం అన్నా ఒకటే. నిలిపెను, నిలిపి అని రెండుసార్లు వచ్చింది. మొదటి రెండు పాదాలూ కలిసి ఒకే మాట చెబుతున్నాయి. ఆటవెలది చాలా చిన్న పద్యం, అందులో ఒక పాదం ఊరికే పోగొట్టుకోకూడదు.

భావంలోనూ చిక్కుంది. హాలాహలాన్ని శివుడు మింగలేదు, ఉమియనూ లేదు. అలాంటప్పుడు ఆయన కథ ఈ సమస్యకు సాక్ష్యం కాదు, ఎదురు సాక్ష్యం. దాన్ని అలాగే ఒప్పుకుని మనిషికీ దేవుడికీ తేడా చూపిస్తే పద్యం నిలబడుతుంది. మూడో పాదం మీరే రాయండి. మొదటి పాదానికి నా సూచన: "విషముఁ బట్టి శివుఁడు వెలికిఁ బోనీయక".

హంద్రి:

విషముఁ బట్టి శివుఁడు వెలికిఁ బోనీయక
కంఠమందె నిలిపి కాచె జగము
వాఁడు దైవమయ్య, వసుధలో నరులందు
మ్రింగకుమియువాఁడె మేటి జాణ

పినాకిని:

శభాష్! "వాఁడు దైవమయ్య" అన్న చోట గొంతు మారింది చూడండి, రచ్చబండ మీద కూర్చున్న పెద్దమనిషి మాట అది. వేమన నడిచిన దారి ఇదే. ఎదురు సాక్ష్యాన్నే సాక్ష్యంగా మార్చుకున్నారు. ఇందులో ఇక వేలు పెట్టను.

కుందూ:

మీరు చెప్పిన ఆ ఇంటి కొడుకే నా మనసులో మెదిలాడు. అతని పని అతిథులకు రుచి చూపించడంతో అయిపోదు కదా అనిపించింది.

పీపె పీపెఁ జూచి పెక్కు రుచులలోన
వగరు పులుపు తీపి వాసిఁ దెలిసి
తెలివి చెదరకుండఁ దీర్పిడవలెనన్న
మ్రింగకుమియువాఁడె మేటి జాణ

పినాకిని:

ఈ వారానికి నా మొదటి ఓటు దీనికే.

అందరూ "ఎలా ఉమియాలి" అన్నదానికి జవాబు వెతికారు. కుందూ గారు "ఎందుకు ఉమియాలి" అన్నది పట్టుకున్నారు. మూడో పాదంలో ఆ కారణం ఉంది. ఆ కొండల వైన్‌కు కియాంటి క్లాసికో అని పేరు పెట్టుకోవాలంటే అందులో కనీసం 80 శాతం సాంజొవేజె ద్రాక్ష ఉండాలి. అందులోనే పై రకమైన రిజర్వా అనాలంటే 24 నెలలు మాగాలి. అన్నాళ్ళూ పీపాలు ఒకేలా మాగవు. ఒకదానిలో వగరు ముందు తగ్గుతుంది, ఇంకొకదానిలో పులుపు పైకి తేలుతుంది. ఏ పీపాను దేనితో కలపాలో ఆ ఇంటివాళ్ళే నిర్ణయించాలి. వరసగా రుచి చూస్తూ ప్రతి గుక్కా మింగితే నాలుగో పీపా దగ్గరికి వచ్చేసరికి మనిషి తీర్పు చెప్పే స్థితిలో ఉండడు. ఉమిసినా కొంత నోటి నుంచే ఒంటికి పడుతుంది. అందుకే మధ్యలో నీళ్ళు తాగుతారు, ఉప్పులేని రొట్టె కొరుకుతారు. ఆ ప్రాంతంలో రొట్టెలో ఉప్పు వెయ్యరు.

"తెలివి–దీర్పు" యతి హాయిగా కుదిరింది. వగరు, పులుపు, తీపి అన్న వరస కూడా బాగుంది. తెలుగు నోటికి వగరు అలవాటున్న రుచి కాబట్టి దాన్ని ముందు పెట్టడం నాకు నచ్చింది.

చిత్రావతి:

నిర్వాహకుల పూరణ ఏదండీ?

పినాకిని:

గాజుగిన్నెఁ దిప్పి కమ్మని తావిని
ముక్కుతోడఁ బీల్చి మొదట, పిదప
నాల్కపైనఁ జిలికి నాలుగు దిక్కుల
మ్రింగకుమియువాఁడె మేటి జాణ

కుందూ:

కమ్మగా ఉంది. క్రమం చెప్పారు: తిప్పడం, వాసన, నాలుక, ఉమియడం. కానీ కారణం చెప్పలేదు. "నాలుగు దిక్కుల" అన్నది గణాల కోసం వచ్చిందా? తీపి నాలుక కొసన, చేదు వెనక తెలుస్తుందని బడిలో బొమ్మ చూపించేవాళ్ళు. దాన్ని దృష్టిలో పెట్టుకున్నారా?

పినాకిని:

ఆ బొమ్మను ఇప్పుడు శాస్త్రం ఒప్పుకోదు కుందూ గారూ. అన్ని రుచులూ నాలుకంతా తెలుస్తాయి. వగరైతే అసలు మిగతా వాటిలాంటి రుచే కాదు, స్పర్శ. వైన్‌లో వగరునిచ్చే టానిన్లు అనే పదార్థాలు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేసుకుంటాయి. నోటికి ఆ జారుడుతనం పోయి, చిగుళ్ళూ బుగ్గల లోపలి వైపూ ఎండిపోయినట్టు బిగుసుకుంటాయి. అందుకే నోరంతా తిప్పాలి. ఆ అబ్బాయి బుగ్గలు ఒకటి తర్వాత ఒకటి ఉబ్బడం నేను చూశాను, దిక్కులు అన్నది అందుకే. కారణం మీ పద్యంలో ఉంది, క్రమం నా పద్యంలో ఉంది. రెండూ పక్కపక్కనే ఉండనిద్దాం.

పాపాఘ్ని:

నైవేద్యం వండేటప్పుడు మా అమ్మ అసలు రుచే చూడదు. పులిహోర ఉప్పు వాసనతోనే చెబుతుంది. దాని మీద ఇంకో పూరణ రాయొచ్చా?

పినాకిని:

తప్పకుండా. ఆదివారం రాత్రి దాకా గడువుంది. అయితే అందులో నోటికి పని లేదు కదా, "మ్రింగకుమియు" అన్న మాటకు ఎలా పొసగిస్తారో చూడాలని ఉంది.