ఉద్యోగం పురుష లక్షణం: ఈ మాటలో ఉద్యోగం ఏది, పురుషుడు ఎవరు?

గ్రూపులో అందరికీ నమస్కారం. చాలా రోజులుగా మనసులో నలుగుతున్న మాట ఒకటి మొన్న ఆదివారం మళ్ళీ చెవిన పడింది. ఇక రాయకుండా ఉండలేకపోయాను.

మాది గుంటూరు. మేం పై వాటాలో ఉంటాం, పిన్నీ వాళ్ళు కింద. పిన్ని కూతురికి సంబంధాలు చూస్తున్నారు. విజయవాడ నుంచి అబ్బాయి తరఫు వాళ్ళు వచ్చారు. కాఫీలయ్యాక వాళ్ళలో పెద్దాయన "మావాడిది పర్మనెంటు ఉద్యోగమండి, ఉద్యోగం పురుష లక్షణం అన్నారు కదా" అన్నారు. అందరూ తలలూపారు. మా చెల్లెలికీ ఉద్యోగం ఉంది. పొద్దున్న ఆరున్నరకి ఇక్కడ బస్సెక్కి విజయవాడ వెళ్తుంది, రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరుతుంది. దాని సంగతి వచ్చేసరికి బాబాయి "చేస్తోంది లెండి, పెళ్ళయ్యాక మీ ఇష్టం" అన్నారు. ఒకే గది, ఒకే పూట, ఒకే మాట. అబ్బాయికైతే అది లక్షణం, అమ్మాయికైతే ఇష్టం. ఆ ఇష్టం కూడా వేరేవాళ్ళది.

అప్పుడు మా అమ్మ డాబా మీద ఉంది. ఏడాది కారానికి కళ్లం నుంచి తెచ్చిన మిరపకాయలు ఎండబోసింది. మబ్బు పట్టేలా ఉందని పొద్దున్నుంచీ అక్కడే కూర్చుని తొడిమలు తీస్తోంది. తాలుకాయ ఒక పక్కకి, మంచికాయ చాటలోకి. ఒక్క కాయకి తొడిమ తుంచడం రెప్పపాటు పని. గోనెసంచి నిండా ఉన్నవాటికి రెండు రోజులు. ముక్కుకి చెంగు కట్టుకున్నా తుమ్ములు ఆగవు. ఆ రాత్రి చేతులకి కొబ్బరినూనె రాసుకున్నా మంట తగ్గక, రెండు అరచేతులూ ఫ్యాను కింద చాచుకుని పదకొండు దాకా కూర్చుంది. ఆ మధ్యాహ్నం వచ్చినవాళ్ళు "మీ అక్కగారు ఏం చేస్తుంటారు?" అని అడిగితే పిన్ని చెప్పిన జవాబు: "ఏం చెయ్యదండి, ఇంట్లోనే."

పిన్నిని తప్పు పట్టడం లేదు. ఆమె దగ్గర వేరే మాట లేదు. నేను అడగాలనుకున్నదీ అదే.

సంస్కృతంలో ఉద్యోగం అంటే పూనిక, ప్రయత్నం. భారతంలో ఉద్యోగపర్వం ఉంది. అందులో జీతాలు లేవు, రాయబారాలూ యుద్ధ సన్నాహాలూ ఉన్నాయి. "ఉద్యోగినం పురుషసింహముపైతి లక్ష్మీః" అన్న పాత శ్లోకంలోనూ పూనుకుని పాటుపడేవాడి దగ్గరికే లక్ష్మి వస్తుందన్నారు. నెలజీతపు కొలువులు పెరిగాక, మన తెలుగులో ఆ పూనిక కాస్తా ఒకటో తారీఖు జీతంగా కుదించుకుపోయింది. పాత అర్థమే నిలిచి ఉంటే ఆ రోజు మా ఇంటి మొత్తానికి ఉద్యోగంలో ఉన్న మనిషి డాబా మీద ఉన్నట్టు.

ఇంకో జంట చూడండి: నౌకరీ, చాకిరీ. రెండూ పారసీ నుంచి వచ్చినవే. నౌకర్, చాకర్ ఇద్దరూ కొలువు చేసేవాళ్ళే. బెంగాలీలో ఇవాళ్టికీ చాకరి అంటే నెలజీతం వచ్చే ఉద్యోగం. మన దగ్గర నౌకరీకి జీతం దక్కింది. చాకిరీకి ముందు "గొడ్డు" చేరింది, లేదంటే "వెట్టి", కాదంటే "ఇంటి". ఆఫీసులో విసిగిపోయిన మగవాళ్ళు కూడా తమ పనిని ఎప్పుడు చాకిరీ అంటారో గమనించండి. చేసినదానికి గుర్తింపు లేదనిపించినప్పుడే.

నా ప్రశ్న ఇది. మా అమ్మ చేసేదానికి తెలుగులో పేరేమిటి? చాకిరీ అంటే చిన్నచూపు, సేవ అంటే పొగడ్త. ఆ రెండూ కాకుండా, పనిని పనిగా చెప్పే మాట మీ వైపు ఏదైనా ఉందా?

తెనాలి నుంచి ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు:
అమ్మా, ఉద్యోగం గురించి నువ్వు రాసింది సబబే. ఉద్యోగపర్వాన్ని మనకి తెలుగులో ఇచ్చిన తిక్కనగారు తన తాత మంత్రి భాస్కరుణ్ణి "గుంటూరి విభుడు" అని చెప్పుకున్నారు, కాబట్టి ఈ చర్చ గుంటూరులో మొదలవడం ముచ్చటగా ఉంది. కానీ సామెత మీద నేరం మోపకు. పురుష శబ్దానికి మనిషి అన్న అర్థం కూడా ఉంది. పురుషార్థాలు నాలుగూ మగవాళ్ళకేనా? వ్యాకరణంలో మీ అమ్మగారు "నేను" అన్నా అది ఉత్తమ పురుషే. పూనిక మనిషి లక్షణం అని చదువుకుంటే గొడవే లేదు.

నా జవాబు:
మాస్టారూ, నమస్కారం. ఉత్తమ పురుష సంగతి చదివి చాలాసేపు ఆలోచించాను, అమ్మకి కూడా చెప్పాను. మీరు చెప్పిన అర్థం నిఘంటువులో ఉంది. అయితే మాటకి అర్థం వాడకంలో కదండీ తేలేది. ఈ సామెతని ఒక ఆడపిల్లతో ఎవరైనా అనగా మీరు విన్నారా? డిగ్రీ అయ్యి ఇంట్లో ఉన్న కొడుకుతో అంటారు. కూతురితో "సంబంధం చూద్దాం" అంటారు. వాడకంలో పురుషుడంటే మగవాడే. అందుకే మంచి అర్థం ఉందన్న మాటతో నాకు ఊరట కలగడం లేదు. చెప్పినవాళ్ళూ విన్నవాళ్ళూ మగవాడు అన్న అర్థంలోనే బతుకుతున్నారు.

విజయవాడ, సత్యనారాయణపురం నుంచి ఒక సభ్యుడు:
అక్కా, దీనికి రెండో సగం కూడా ఉంది. "ఉద్యోగం పురుష లక్షణం, అది పోతే అవలక్షణం." కరోనా అప్పుడు నా ఉద్యోగం పోయింది. పద్నాలుగు నెలలు ఇంట్లో ఉన్నాను. మా ఆవిడ స్కూల్లో పని చేస్తూ ఇల్లు నడిపింది. నేను వంట చేశాను, పాపకి జడ వేయడం నేర్చుకున్నాను. ఎవరైనా వస్తే మాత్రం గరిటె పక్కన పెట్టి హాల్లోకి వచ్చి ల్యాప్‌టాప్ తెరిచి కూర్చునేవాణ్ణి. మా నాన్న ఫోన్ చేస్తే "ఇంటర్వ్యూలు నడుస్తున్నాయి" అనేవాణ్ణి. వంట చేస్తున్నానని ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆ టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. ఆ మాట ఆడవాళ్ళని లెక్కలోంచి తీసేస్తే మమ్మల్ని జీతానికి కట్టేసింది.

నా జవాబు:
తమ్ముడూ, ఈ రెండో సగం నాకు తట్టలేదు. నువ్వు రాసిన గరిటె, ల్యాప్‌టాప్ సంగతి నా పోస్టులో ఉండాల్సింది. పద్నాలుగు నెలలు నువ్వు చేసిన పనికి కూడా పేరు లేదు కదా.

గుంటూరు నుంచి సోషియాలజీ చెప్పే ఒక లెక్చరర్:
మా సబ్జెక్టులో దీని మీద చాలా జరిగింది, క్లుప్తంగా చెప్తాను. అమెరికన్ సామాజికవేత్త టాల్కాట్ పార్సన్స్ 1950లలో కుటుంబంలో భర్తది సంపాదించి బయటి లోకంతో వ్యవహరించే పాత్ర, భార్యది అనురాగం పంచి ఇంటిని నిలిపే పాత్ర అని సిద్ధాంతం చేశాడు. మన సామెత రెండు ముక్కల్లో చెప్పింది దాదాపు అదే. దాన్ని నిలదీసినవాళ్ళలో బ్రిటన్‌కి చెందిన యాన్ ఓక్లీ ముఖ్యురాలు. ఆవిడ లండన్‌లో 40 మంది గృహిణులను కూర్చోబెట్టి మాట్లాడి, ఇంటిపనిని ఫ్యాక్టరీ పనిని చూసినట్టే పనిగా చూసింది: గంటలు, విసుగు, ఒంటరితనం, ఒకే పని మళ్ళీ మళ్ళీ చేయడం. వాళ్ళు వారానికి సగటున 77 గంటలు పని చేస్తున్నట్టు తేలింది. 1974లో అది అచ్చయింది. 1989లో ఆర్లీ హాక్‌షీల్డ్ ఉద్యోగం చేసే ఆడవాళ్ళ ఇంటిపనికి "రెండో షిఫ్టు" అని పేరు పెట్టింది. షిఫ్టు అనగానే అది పని అని ఒప్పుకున్నట్టే. మీరు అడిగింది కూడా అలాంటి పేరే అనుకుంటున్నాను.

మన దేశం లెక్క కావాలంటే కేంద్ర గణాంక శాఖ చేసిన సమయ వినియోగ సర్వే ఉంది. 2019లో ఇంటిపనుల్లో పాల్గొన్న ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు చేశారు. 2024లో అవి 289, 88. అయిదేళ్ళలో ఇద్దరికీ కాస్త తగ్గింది, తేడా మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ఇవి పనిలో చెయ్యి పెట్టినవాళ్ళ సగటులు మాత్రమే. 2019లో మగవాళ్ళలో అలా చెయ్యి పెట్టినవాళ్ళే నూటికి 26 మంది. ఆడవాళ్ళలో 81 మంది.

కోర్టు మాట కూడా చెప్పాలి. 2021 జనవరిలో, రోడ్డు ప్రమాదంలో చనిపోయిన దంపతుల పరిహారం కేసులో సుప్రీంకోర్టు గృహిణి పనికి ఆదాయం లెక్కగట్టాలని చెప్పింది. ఆ తీర్పులో దీని గురించి విడిగా, వివరంగా రాసింది మన ఉమ్మడి కృష్ణా జిల్లా (ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా) పొన్నవరం మనిషి, జస్టిస్ ఎన్.వి. రమణ. 2011 జనాభా లెక్కల్లో తమ ప్రధాన వృత్తి ఇంటిపని అని చెప్పిన ఆడవాళ్ళు సుమారు 16 కోట్లు, మగవాళ్ళు 58 లక్షలు అని ఆయన ఎత్తి చూపారు.

నా జవాబు:
మేడమ్, ఆ 16 కోట్లలో మా అమ్మ ఉందో లేదో తెలుసుకోవాలని ఆవిణ్ణే అడిగాను. లెక్కల వాళ్ళు వచ్చినప్పుడు నాన్నే మాట్లాడారట, ఆవిడ మంచినీళ్ళు ఇచ్చి లోపలికి వెళ్ళిందట. ఏం రాసుకున్నారో తెలియదు.

ఇంకో మాట. ఆ తీర్పు వచ్చింది మనిషి పోయాక పరిహారం లెక్క కోసం. బతికి ఉండగా ఆ లెక్క ఎవరూ అడగరు. జీతం అన్నది జీవితానికి వికృతి అని బళ్ళో ప్రకృతి-వికృతుల్లో బట్టీ పట్టాం. ఇప్పుడు ఆ జంటను చూస్తే మనసు బాధపడుతోంది.

ప్రత్తిపాడు వైపు నుంచి ఒక సభ్యురాలు:
మీరంతా ఇంటిపని గురించి మాట్లాడుతున్నారు, బయటి పనికి మా వైపు ఉన్న మాటలు కూడా రాయండి. ఆడకూలి, మగకూలి. రేటు అడిగితే "ఆడకూలి ఎంత, మగకూలి ఎంత" అనే అడుగుతారు. మిరప కోతలప్పుడు చేలో వంగి కాయ కోసేది ఎక్కువగా ఆడవాళ్ళు. కళ్లంలో తాలు ఏరేది, తొడిమ తీసేది ఆడవాళ్ళు. మందు కొట్టడం, టిక్కీలు (మిరపకాయల బస్తాలు) ఎత్తడం మగవాళ్ళు. ఆడవాళ్ళ పని "తేలిక" అంటారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వంగి ఉన్న నడుము తేలికో కాదో అడిగినవాళ్ళు లేరు. సమాన పనికి సమాన వేతనం చట్టం 1976లోనే వచ్చిందని మా అమ్మాయి చదివి చెప్పింది. పనికే ఆడా మగా అని పేరు పెట్టేశాక "సమాన పని" అని నిరూపించేది ఎలా? మేం కూలి దగ్గరికి వెళ్ళేముందు తెల్లారే వంట చేసి, క్యారేజీ కట్టుకునే వెళ్తాం. ఆ వంటకి మా వైపు పేరు అడిగారు కదా. మేం దాన్ని "పొద్దుటి పని" అంటాం. పనే అంటాం.

నా జవాబు:
అక్కా, చాలా సంతోషం. నేను వెతుకుతున్నది ఇంత మామూలు మాటలోనే ఉందని అనుకోలేదు. టౌన్లో మేం "ఇంట్లోనే" అంటున్నాం, మీరు "పని" అంటున్నారు. తేలిక అన్న మాట మీద మీరు రాసింది కూడా గుండెకి తగిలింది. కూలి రేటు ఆ ఒక్క విశేషణం మీద నిలబడి ఉంది.

తెనాలి మాస్టారు మళ్ళీ:
అందరి మాటలూ చదివాను. మా నాయనమ్మ అనే పాత సామెత ఒకటి గుర్తొచ్చింది. "ఉద్యోగం పురుష లక్షణం, గొడ్డలి తేరా నిట్రాడు నరుకుదాం." నిట్రాడు అంటే ఇంటి కప్పుని మోసే నడిమి స్తంభం. ఏదో ఒకటి చేస్తున్నట్టు కనపడాలని సొంత ఇంటి స్తంభాన్నే నరకబోయినవాడి మీద చెప్పిన మాట. అంటే ఆ రోజుల్లో ఉద్యోగం అంటే జీతం కాదు, పని పెట్టుకోవడమే అని ఇక్కడా సాక్ష్యం దొరికింది. అమ్మా, నువ్వు అడిగిన ప్రశ్న నన్ను నేను కూడా వేసుకున్నాను. ఆడపిల్లతో ఈ సామెత నేను అన్నానా? ముప్పై నాలుగేళ్ళు పాఠం చెప్పాను, పదో తరగతి మగపిల్లలతో ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. ఆడపిల్లలతో ఒక్కసారి కూడా అనలేదు. వాడకం గురించి నువ్వు చెప్పిందే నిజం.

నా జవాబు:
మాస్టారూ, మీరు ఇలా రాసినందుకు చేతులెత్తి దండం పెడుతున్నాను. నిట్రాడు అన్న మాట విని చాలా ఏళ్ళయింది. అమ్మకి తెలుసు. వాళ్ళ అమ్మమ్మగారి పూరింట్లో దానికి ఆనుకునే కవ్వం తాడు కట్టి మజ్జిగ చిలికేవాళ్ళట.

గుంటూరు నుంచి ఇంకో సభ్యురాలు:
అక్కా, ఆ చెల్లెల్ని నేనే. ఆదివారం నాన్న ఆ మాట అన్నప్పుడు నాకు గొంతు పెగల్లేదు. నిన్న రాత్రి ఆ అబ్బాయి ఫోన్ చేస్తే నేనే చెప్పాను, ఉద్యోగం మాననని. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత సరే అన్నాడు. వంట వచ్చా అని అడిగాను. అన్నం, పప్పు వచ్చట. ఆరున్నర బస్సుకి వెళ్ళాలంటే పొద్దుటి పని ఎవరు చేస్తారని అడిగాను. ఆలోచించి చెప్తానన్నాడు. ఇంకా ఏదీ ఖాయం కాలేదు. నాన్నతో ఈ థ్రెడ్ చదివిస్తాను. పెద్దమ్మకి చెప్పు, ఈ ఆదివారం నాకు సెలవు, కాయలు మిల్లుకి నేనే తీసుకెళ్తాను.