ఎండాకాలంలో పెరట్లో ఆట కోర్టు వేయించొచ్చా?

పెరటి ఆట:
ఇంటి వెనక 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు ఖాళీ జాగా ఉంది, ఇన్నాళ్లూ గడ్డి పెరగడం తప్ప దేనికీ పనికి రాలేదు. పిల్లలకి బ్యాడ్మింటన్ పిచ్చి, పెద్దాడేమో బాస్కెట్‌బాల్ బుట్ట కూడా కావాలంటున్నాడు. సెలవులు మొదలవగానే కాంక్రీటు వేయించి, రంగు కొట్టించి వాళ్లకి అప్పజెప్పాలని నా ఆశ. కాంట్రాక్టర్ని అడిగితే "ఎండాకాలం కదండీ, తొందరగా ఆరిపోతుంది, పది రోజుల్లో ఆడుకోవచ్చు" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచీ టెన్షన్‌గా ఉంది. అంత ఎండలో పోస్తే బీటలు రావా? లేదంటే కాంక్రీటు మానేసి ప్లాస్టిక్ టైల్స్ వేయించుకోవడం మేలా? తెలిసినవాళ్లు చెప్పండి.

గచ్చుపని:
తొందరగా ఆరిపోవడమే అసలు ప్రమాదం అండీ. కాంక్రీటు ఆరితే గట్టిపడదు, సిమెంటు నీళ్లతో కలిసి గట్టిపడుతుంది, ఆ నీళ్లు ఎండకీ గాలికీ ఎగిరిపోతే ఇక దానికి బలం ఎక్కడిది? మధ్యాహ్నం పోసిన స్లాబు దగ్గర కాసేపు నిలబడి చూడండి, పైన తడి మెరుపు చూస్తుండగానే పోతుంది, మేస్త్రి తాపీ అందుకునేలోపే వెంట్రుకల్లాంటి బీటలు లేస్తాయి. అప్పుడాయన నాలుగు చుక్కలు నీళ్లు చల్లి రుద్దేస్తాడు. బీట కంటికి కనబడదు, కానీ ఆ పై పొర బలహీనమైపోయి తర్వాత పొడి రాలుతుంది, దాంతో పాటే మీరు కొట్టించిన రంగూ లేచిపోతుంది.

పోయాలనుకుంటే తెల్లవారుజామునే మొదలుపెట్టించండి. కింద పాలిథిన్ షీటు పరిపించండి, కాంక్రీటులో నీళ్లు నేల పీల్చుకోదు, వానల్లో నేల చెమ్మ పైకి రాదు. ఫినిషింగ్ అయ్యాక తడి గోనెపట్టాలు కప్పి, గట్టిపడ్డాక మడులు కట్టి కనీసం 7 రోజులు నీళ్లు నిలబెట్టాలి. యాక్రిలిక్ రంగు మాత్రం పోసిన 28 రోజుల తర్వాతే, కాబట్టి పది రోజుల మాట మర్చిపోండి. 4 అంగుళాల స్లాబుకి 8 నుంచి 10 అడుగులకొక చోట మందంలో నాలుగో వంతు లోతున కోత పెట్టించాలి, బీట వచ్చినా ఆ కోతలోనే వస్తుంది, అదీ మర్నాటి దాకా ఆగకుండా. ఒక కోత సరిగ్గా నెట్ కిందకి వచ్చేలా చూసుకుంటే ఆటకి అడ్డం రాదు.

టైల్స్ ఇల్లు:
మాది టైల్స్ కోర్టే. రంగు కోసం ఆగక్కర్లేదు, మోకాళ్లకి హాయి, చిల్లులున్న రకం కాబట్టి వాన నీళ్లు కిందకి దిగిపోతాయి. కానీ టైల్స్ వేస్తే కింద గట్టి నేల అక్కర్లేదనుకోకండి, దానికీ చదునైన కాంక్రీటో తారో ఉండాల్సిందే, లేకపోతే అడుగేసిన చోటల్లా టపటపలాడుతుంది.

ఎండ విషయంలో ఒకటి గట్టిగా చెప్తాను. ఇవి పాలీప్రొపిలీన్, వేడికి బాగా సాగుతాయి. మాకు వేసినవాళ్లు పొద్దున చల్లటి వేళ ప్రహరీకి ఆనించి బిగించి వెళ్లిపోయారు, మధ్యాహ్నానికి కోర్టు మధ్యలో టైల్స్ ఉబ్బి లేచి నిలబడ్డాయి. చుట్టూ ఖాళీ వదలాలి, నెట్ స్తంభాల చుట్టూ కూడా, నేలకి మేకులు మాత్రం కొట్టకూడదు. ముదురు రంగులు తీసుకోకండి, ఎండలో కాలు పెట్టలేరు.

నెట్ దగ్గర:
మీ జాగా సరిగ్గా సరిపోతుంది. బ్యాడ్మింటన్ డబుల్స్ కోర్టు 44 అడుగులు, 20 అడుగులు, చుట్టూ పరిగెత్తడానికి చోటు మిగులుతుంది. చిల్లుల ప్లాస్టిక్ బంతిని బ్యాటుతో నెట్ మీదుగా కొట్టే పికిల్‌బాల్ కొలతా అదే. కాకపోతే బ్యాడ్మింటన్ నెట్ మధ్యలో 5 అడుగులు, పికిల్‌బాల్‌కి 34 అంగుళాలే, అందుకని ఎత్తు మార్చుకునే స్తంభాలు కొనండి. ఆరుబయట కాస్త గాలి వీచినా షటిల్ ఎటో పోతుంది, పిల్లలకి చిరాకొస్తుంది, కాబట్టి పికిల్‌బాల్ గీతలు కూడా వేయించుకుంటేనే ఆ కోర్టుకి న్యాయం జరుగుతుందని నా అభిప్రాయం.

పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉంటే పొద్దునా సాయంత్రం ఎండ కళ్లలో పడదు. స్తంభాల గొట్టాలు, బుట్ట స్తంభానికి పునాది బోల్టులు, లైట్ల వైరు పైపులు అన్నీ కాంక్రీటుకి ముందే పెట్టించండి, తర్వాత తవ్వితే స్లాబు పాడు. బుట్ట రింగు ఎత్తు 10 అడుగులు, ఫ్రీ త్రో గీత బోర్డు నుంచి 15 అడుగులు. వాన నీళ్లు జారిపోవడానికి వాటం 10 అడుగులకి ఒక అంగుళం చొప్పున, మొత్తం ఒకే వైపుకి, ఇంటి గోడకి దూరంగా పోవాలి.

పెరటి ఆట:
అందరికీ థాంక్స్. జాగా పొడవు ఉత్తర దక్షిణాలే, అదృష్టం. ఒక సంగతి రాయలేదు, మాది నల్లరేగడి. కాంట్రాక్టర్ గడ్డి చెక్కేసి నేరుగా పోసేద్దాం అంటున్నాడు.

గచ్చుపని:
వద్దండీ, దయచేసి ఒప్పుకోకండి! నల్లరేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది, దాని మీద ఎంత మంచి కాంక్రీటైనా విరుగుతుంది. ఆ మట్టి ఎంత లోతు తీయాలో మీ నేల చూసి చెప్పగల ఇంజనీరుని పిలవండి. తీశాక మొరం పొరలు పొరలుగా పోసి, ప్రతి పొరా తడిపి రోలర్ తిప్పించాలి. ఈ పనికి మాత్రం ఎండాకాలాన్ని మించింది లేదు, నేల ఎండి ఉంటుంది, బండి దిగబడదు.

నా సలహా అయితే ఈ సెలవుల్లో బేస్ వరకు చేయించి, కాంక్రీటు ఎండ తగ్గాక వాన లేని రోజు చూసి పోయించండి. ఈలోపు ఆ రోలర్ తిప్పిన మొరం మీదే సున్నంతో గీతలు గీసి, విడి స్తంభాలకి నెట్ కట్టేయండి. పిల్లలు హాయిగా ఆడుకుంటారు. ఎక్కడైనా కుంగితే అక్కడ మళ్లీ నింపి తొక్కించడానికి మీకు టైమూ ఉంటుంది.