పాత వెల్డింగ్ ట్రాన్స్‌ఫార్మర్ వివరాలు ఎక్కడ దొరుకుతాయి?

రాగితీగ:
పొద్దుటినుంచి ఇదే పని. మూలన పడి ఉన్న పాత వెల్డింగ్ ట్రాన్స్‌ఫార్మర్‌ను బయటికి లాగాం. నేమ్‌ప్లేట్ మీద ఎవరో రంగు కొట్టేశారు. గీకితే రంగుతోపాటు అక్షరాలూ లేచిపోయాయి, మిగిలింది ‘50 సైకిల్స్’ ఒక్కటే. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. కేవీఏ (ఎంత పవర్ మోయగలదో) తెలియకుండా ఫ్యూజు ఎంత వేయాలి, కేబుల్ ఏ మందం తీసుకోవాలి? ఎవరి దగ్గరైనా కేటలాగ్ ఉందా?

ముక్కుసూటి:
మోడల్ నంబరు?

రాగితీగ:
అదే ఉంటే ఇక్కడికెందుకు వస్తానండీ?

విశ్రాంత ఫోర్‌మన్:
కేటలాగ్ సంగతి తర్వాత. ముందు డ్యూటీ సైకిల్ తెలుసుకోండి. ప్లేటు మీద 300 ఆంపియర్లు అని చూసి, రోజంతా వాడి వైండింగ్ మాడ్చినవాళ్లను ఎందరినో చూశాను. 60 శాతం అంటే 10 నిమిషాల్లో 6 నిమిషాలే ఆర్క్. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, ఆపకుండా నడపాలంటే అదే మిషన్‌లో 232 దాటకూడదు. చెబితే ఎవరు వింటారు! మీది 300 ఆంపియర్లదే అనుకుందాం. ఖాళీ వోల్టేజి (ఆర్క్ లేనప్పుడు ఉండేది) 80 అయితే 24 కేవీఏ. 415 వోల్టుల రెండు ఫేజుల మధ్య కలిపితే 58 ఆంపియర్లు లాగుతుంది.

కెపాసిటర్:
పవర్ ఫ్యాక్టర్ (లాగిన కేవీఏలో నిజంగా పనికొచ్చే వంతు) ఊసే ఎత్తరేమిటి? ఖాళీగా 80 వోల్టులు, ఆర్క్ దగ్గర 32. అంటే 0.4 దగ్గర ఉంటుంది. కెపాసిటర్ పెట్టకుండా ఇలాంటిదాన్ని లైనుకు కలపడం నేరం.

ముక్కుసూటి:
అడిగింది కేవీఏ. సెకండరీ (వెల్డింగ్ కరెంటు బయటికొచ్చే వైపు) టెర్మినళ్లు ఎలా ఉన్నాయి?

రాగితీగ:
మామూలుగానే. రెండు రాగి దిమ్మెలు, పక్కన నీళ్ల గొట్టాలు తగిలించే ముక్కులు. ఒక ఫేజు, న్యూట్రల్ ఇచ్చి చూశాను. మీటరు 750 రేంజిలో 3 చూపించి మళ్లీ సున్నాకు పోతోంది. కాలిపోయిందేమో.

ముక్కుసూటి:
అది స్పాట్ వెల్డింగ్‌ది, ఆర్క్ లేకుండా రేకులను నొక్కి కరెంటుతో అతికించేది. నీళ్ల సంగతి మొదటే చెప్పాల్సింది.

రాగితీగ:
వెల్డింగ్ ట్రాన్స్‌ఫార్మర్ అనే కదా అన్నాను. స్పాట్ వెల్డింగ్ కాదా?

విశ్రాంత ఫోర్‌మన్:
కాదు. షాపులో ఆ మాటంటే ఆర్క్ సెట్టే. దీన్ని రెసిస్టెన్స్ వెల్డింగ్ ట్రాన్స్‌ఫార్మర్ అనాలి.

కెపాసిటర్:
రెండూ వెల్డింగే. పేరులో ఏముంది?

విశ్రాంత ఫోర్‌మన్:
పేరులోనే ఉంది. ఆ ఒక్క మాట లేకే నేను 24 కేవీఏ అని లెక్క కట్టి కూర్చున్నాను. స్పాట్ వాటికి ఐఎస్‌ఓ 5826 అని ప్రమాణమే వేరు. వాటి రేటింగ్ సాధారణంగా 50 శాతం డ్యూటీకి రాస్తారు. ప్లేటు మీద 100 కేవీఏ ఉంటే నిరంతరంగా 70.7.

గేర్‌పెట్టె:
రాగితీగ గారూ, అది కాలిపోయిందని తేల్చకండి. సెకండరీ ఒకే చుట్టు కాబట్టి వచ్చేది కొద్ది వోల్టులే. 750 రేంజిలో అది కనబడదు, చిన్న రేంజికి మార్చండి. వేరియాక్‌తో (వోల్టేజి సున్నా నుంచి పెంచుకునే ట్రాన్స్‌ఫార్మర్‌తో) ప్రైమరీకి, అంటే సప్లై వైపుకు, 40 వోల్టుల దాకా ఇచ్చి సెకండరీ కొలవండి. ఆ నిష్పత్తే ప్రైమరీ చుట్ల సంఖ్య. ఎట్టి పరిస్థితుల్లోనూ సెకండరీకి సప్లై ఇవ్వవద్దు. అక్కడ 5 వోల్టులు పెడితే ప్రైమరీలో వందలు వస్తాయి. 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరుతో) ఇన్సులేషన్ కూడా చూడండి.

ఫ్యూజుకు కేటలాగ్ అక్కర్లేదు. సెకండరీని లావు రాగి పట్టీతో షార్ట్ చేసి, ప్రైమరీకి సున్నా నుంచి మెల్లగా పెంచండి. 20 వోల్టులకు 10 ఆంపియర్లు వచ్చాయనుకోండి, అది 2 ఓములు. 415 మీద 208 ఆంపియర్లు దాటదు. రేకులను పట్టే మిషన్ చేతులు బిగించాక ఇంకా తగ్గుతుంది. కేవీఏ మాత్రం దీనితో తేలదు. ప్రైమరీ తీగ మందం కొలిచి, అదే కొలతల మిషన్‌తో పోల్చి అంచనా కట్టాలి.

కెపాసిటర్:
ఈ స్పాట్ మిషన్ల పవర్ ఫ్యాక్టర్ గురించి వేరే చర్చ మొదలుపెడతాను.

రాగితీగ:
వేరియాక్ దొరికింది. 42 వోల్టులకు 0.65 వచ్చింది. 65 చుట్లు అన్నమాట, 415 మీద 6.4 వోల్టులు. థాంక్స్. షార్ట్ టెస్టు రేపు.

విశ్రాంత ఫోర్‌మన్:
ఏ ట్యాప్ (ప్రైమరీ చుట్ల సంఖ్య మార్చే కనెక్షన్) మీద కొలిచారు?

ముక్కుసూటి:
నీళ్ల గొట్టాల్లో పాచి చూశారా?