నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర మంచి జొన్నరొట్టె ఎక్కడ దొరుకుతుంది?

బదిలీపై నల్లగొండకు వచ్చి నెల రోజులైంది. గడియారం సెంటర్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఉంటున్నాను. ఉదయం ఇడ్లీ, దోశలకు లోటు లేదు, చిక్కంతా భోజనంతోనే. ఎక్కడికి వెళ్లినా బిర్యానీ, లేకపోతే ఫ్రైడ్ రైస్. మొన్న ఒకచోట జొన్నరొట్టె అన్న బోర్డు చూసి ఆశగా కూర్చుంటే, ఎప్పుడో చేసి పెట్టినవి తెచ్చారు. తుంచితే అప్పడంలా విరిగాయి. పెనం మీద నుంచి నేరుగా పళ్లెంలోకి రాకపోతే అది జొన్నరొట్టె ఎలా అవుతుంది?

వచ్చే ఆదివారం అమ్మానాన్నలు వస్తున్నారు. నాన్నకు షుగర్, అన్నం బాగా తగ్గించారు. పొద్దున పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం చూపించి (గర్భగుడిలో రోజంతా కదలకుండా ఉండే ఆ నీడను చూడాలని అమ్మకు ఎన్నాళ్లుగానో కోరిక) మధ్యాహ్నానికి ఊళ్లోకి తిరిగి వస్తాం. అప్పటికప్పుడు కాల్చి ఇచ్చే రొట్టె, ఆకుకూర పప్పు, వీలైతే పచ్చిపులుసు దొరికే చిన్న హోటల్ ఏదైనా ఉందా? ఇంట్లో వండి పెట్టేవారైనా సరే. ఏసీ అక్కరలేదు. నాన్న మెట్లు ఎక్కలేరు కాబట్టి కింది అంతస్తులో ఉండాలి. ముగ్గురికీ కలిపి ఐదారు వందల్లో అయితే మేలు. ఆదివారం తెరిచి ఉంటుందో లేదో కూడా దయచేసి చెప్పండి.