అప్‌డేట్: సుమో రోబోకి సైజు, బరువు తేల్చేశాం
పిల్లల సుమో పోటీకి (రెండు రోబోలు ఒకదాన్నొకటి బరి బయటికి నెట్టే ఆట) రోబో సైజు, బరువు ఎంత పెట్టాలని అడిగాను కదా, తేలింది. 20 సెం.మీ., 3 కిలోల తరగతి వద్దనుకుని మినీ సుమో కొలతలే తీసుకున్నాం: 10 × 10 సెం.మీ., 500 గ్రాములు. ఎత్తుకి పరిమితి లేదు.

చర్చంతా బరువు మీదే నడిచింది. చక్రాల పట్టు బరువుని బట్టే పెరుగుతుంది కాబట్టి ఎంత పెట్టినా అందరూ అంచుదాకా నింపుతారు. అందుకే బ్యాటరీతో సహా తూకం అని రాసేశాం. లేకపోతే పెద్ద బ్యాటరీ ఉన్నవాళ్లదే పైచేయి!

సైజుకి టేపు వద్దు. లోపల సరిగ్గా 10 సెం.మీ. ఉన్న చదరపు పెట్టె చేయిస్తున్నాం. రోబో తనంతట జారి దిగాలి, నొక్కకూడదు. ఆట మొదలయ్యాక రెక్కలు విప్పుకోవచ్చు. బయటికొచ్చిన వైర్లు, స్క్రూ తలలు కూడా లెక్కలోకే వస్తాయి. గొడవలన్నీ అక్కడే పుడతాయని హెచ్చరించినవాళ్లకి థాంక్స్.