ఎంవీపీ కాలనీ మేడ మీద హీలియం మొబైల్ తరహా హాట్‌స్పాట్ పెట్టొచ్చా?

మేడమీది_మాస్ట్:
హీలియం మొబైల్ అనే ఫోన్ సర్వీసు 2023లో అమెరికాలో మొదలైంది. జనం తమ ఇళ్లలో పెట్టుకున్న హాట్‌స్పాట్లతో కొంత కవరేజీ, అవి లేనిచోట టీ-మొబైల్ నెట్‌వర్క్. వైజాగ్‌లో అలాంటిది కుదురుతుందా? ఎంవీపీ కాలనీలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, 200 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంది. మేడ మీద చిన్న సెల్ (బుల్లి మొబైల్ టవర్) పెడితే వీధిలో ఫోన్లు పట్టుకుంటాయా? ఏం సామాను కావాలి?

బ్యాండ్‌ప్లాన్:
సెల్ ఆలోచన మానేయండి. హీలియం వాళ్ల సెల్స్ సీబీఆర్ఎస్‌లో, అంటే 3550–3700 మెగాహెర్ట్జ్‌లో నడిచేవి. అమెరికాలో ఆ బ్యాండును సొంత లైసెన్సు లేకుండానే, డేటాబేస్ అనుమతి తీసుకుని వాడుకోవచ్చు. మన దగ్గర 3300–3670ని 2022లో 5జీ కోసం వేలం వేశారు. ఆ రేడియో ఆన్ చేస్తే వీధిలో 5జీ చెడుతుంది, మీ మీద కేసూ అవుతుంది. 'సిగ్నల్ బూస్టర్' అని అమ్మే రిపీటర్లూ అంతే, కొనకండి.

హీలియం కూడా తర్వాత వైఫైకే మళ్లింది. ఫోన్లో పాస్‌పాయింట్ ప్రొఫైల్ (వైఫైకి ఫోన్ తనంతట తాను లాగిన్ అయ్యే వివరాలు) ఉంటే పాస్‌వర్డ్ అడగకుండానే కలుస్తుంది. కానీ ఆ ప్రొఫైల్‌ని సరిచూసే సర్వర్ మొబైల్ కంపెనీ చేతిలో ఉంటుంది. ఆ కంపెనీతో ఒప్పందం లేకుండా మీ వైఫై పెట్టెలో పాస్‌పాయింట్ ఆన్ చేస్తే ఒక్క సిమ్మూ రాదు.

ఇక్కడ చేయదగ్గది పీఎం-వాణి, అంటే కేంద్రం పబ్లిక్ వైఫై పథకం. 2020 డిసెంబరులో కేంద్ర క్యాబినెట్ ఆమోదించింది. మీరు పీడీఓ (పబ్లిక్ డేటా ఆఫీస్, అంటే వైఫై పంచే చిన్న కేంద్రం) అవుతారు, లైసెన్సూ ఫీజూ లేవు. ఒక పీడీఓఏ (పీడీఓలను కలిపి నడిపే కంపెనీ) దగ్గర నమోదై, వాళ్ల సాఫ్ట్‌వేర్‌కి సరిపడే యాక్సెస్ పాయింట్ (వైఫై పెట్టె) కొనండి. లాగిన్, లెక్కలు వాళ్లే చూస్తారు. ఫైబర్ కంపెనీకి మాత్రం పీడీఓ అని చెప్పే కనెక్షన్ తీసుకోండి. 200 ఎంబీపీఎస్ వరకు మామూలు ఇంటి ప్లాన్ ధరకి రెట్టింపు మించి అడగకూడదని 2025 జూన్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశం ఇచ్చింది.

ఉప్పుగాలి:
బిగింపు గురించి నేను చెబుతా. ఐదో అంతస్తు పైన పెట్టకండి. ఓమ్ని (అన్ని వైపులకీ పంపే) యాంటెన్నా సిగ్నల్ అడ్డంగా పరుచుకుంటుంది, సరిగ్గా కింద నిలబడ్డవాడికి అందదు. పైగా ఫోన్ బలహీనంగా పంపేది పైదాకా రాదు. అందువల్ల కాస్త దూరంలో ఉన్నవాడికి ఫుల్ సిగ్నల్ కనబడుతుంది, పేజీ మాత్రం తెరుచుకోదు. మొదటి అంతస్తు సన్‌షేడ్ కింద, 5–6 మీటర్ల ఎత్తులో, టీ కొట్టో బస్ స్టాపో ఉన్న వైపు పెట్టండి.

ఐపీ67 (నీరు, దుమ్ము చొరబడని) అవుట్‌డోర్ యాక్సెస్ పాయింట్ తీసుకోండి. క్లాంపులు, బోల్టులు ఎస్ఎస్ 316 (స్టెయిన్‌లెస్ స్టీల్ రకం) వే కావాలి. బీచ్ దగ్గర జీఐ (జింకు పూత ఇనుము) త్వరగా తుప్పు పడుతుంది, 304 రకం స్టీలుకీ మచ్చలు వస్తాయి. కేబుల్ పూర్తి రాగి క్యాట్6, యూవీ జాకెట్‌ది, 100 మీటర్ల లోపు. రాగి పూత వేసిన అల్యూమినియం కేబుల్ అయితే పీఓఈ (అదే కేబుల్లో వచ్చే కరెంటు) వోల్టేజీ పడిపోయి, లోడ్ పెరిగినప్పుడల్లా పెట్టె రీస్టార్ట్ అవుతుంది. గ్లాండ్ (కేబుల్ పెట్టెలోకి దూరే చోటు) దగ్గర కేబుల్‌ని కిందికి వంచి కట్టండి, లేకపోతే వాననీళ్లు నేరుగా ఆర్‌జే45 సాకెట్‌లోకి పోతాయి. సర్జ్ ప్రొటెక్టర్‌కి ఎర్త్ తప్పనిసరి.

5 గిగాహెర్ట్జ్‌లో 36–48 లేదా 149–161 ఛానెళ్లు పెట్టండి. డీఎఫ్ఎస్ ఛానెళ్లయితే (రాడార్లతో పంచుకునేవి) రాడార్ అనుమానం రాగానే ఖాళీ చేయాలి, కొత్త ఛానెల్ మీద కనీసం ఒక నిమిషం వినాలి. ఆ నిమిషం అందరికీ నెట్ పోతుంది. ఇంటి నెట్‌కి వేరే వీలాన్ (విడి నెట్‌వర్క్), క్లయింట్ ఐసొలేషన్ (వాడేవాళ్ల ఫోన్లు ఒకదానికొకటి కనబడకుండా చేసేది) ఆన్.

యాక్సెస్ పాయింట్ 15 వాట్లు, ఫైబర్ ఓఎన్‌టీ (ఇంట్లో ఫైబర్ వచ్చి కలిసే పెట్టె) 10 వాట్లు అనుకోండి, నెలకి 18 యూనిట్లు. కరెంటు పోతే 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ రెండు గంటలు లాగుతుంది.

మేడమీది_మాస్ట్:
చాలా థ్యాంక్సండి. మరి మేడ పైభాగం ఊరికే వదిలేయాల్సిందేనా?

బ్యాండ్‌ప్లాన్:
అక్కడ లోరావాన్ గేట్‌వే (సెన్సార్ల చిన్న సందేశాలను దూరం నుంచి అందుకునే పెట్టె) పెట్టండి, హీలియం 2019లో మొదలైంది దానితోనే. 865–868 మెగాహెర్ట్జ్‌కి మన దగ్గర లైసెన్సు అక్కర్లేదు. ఒక వాట్ ట్రాన్స్‌మిటర్, యాంటెన్నాతో కలిపి 4 వాట్లు పరిమితి. మన బ్యాండుకి చేసిన ఐఎన్865 మోడలే కొనండి, అమెరికా బ్యాండు 915ది పనికిరాదు. ఇది నీటి మీటర్లు, సెన్సార్ల కోసం, ఫోన్లు దీనికి కలవవు. కైలాసగిరి కొండ అడ్డు కాబట్టి మధురవాడ వైపు ఆశ పెట్టుకోకండి. అటువైపు కావాలంటే అక్కడ ఇంకో గేట్‌వే పెట్టాలి.